గ్లైడింగ్ క్లబ్‌లో ట్రైనింగ్ గ్లైడర్లు మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, డబ్బులు ఎలా తేవాలి

ఇంగ్లండ్‌లో ఏ గ్లైడింగ్ క్లబ్ ఏజీఎంకి (మెంబర్ల వార్షిక మీటింగ్‌కి) వెళ్ళినా ఏదో ఒక ఏడాది ఈ చర్చ వచ్చి తీరుతుంది. ట్రైనింగ్ గ్లైడర్లు (ఎగరడం నేర్పడానికి వాడే, ఇంజిన్ లేని విమానాలు) పాతబడ్డాయి, కొత్తవి కొనాలి, డబ్బులెక్కడివి? గంట సేపు అందరూ మాట్లాడతారు, ఎవరో ఒక పెద్దాయన లేచి "నేను ఈ పాత కె13 గ్లైడర్ మీదే నేర్చుకున్నా, ఇంకో ఇరవై ఏళ్ళు ఎగురుతుంది" అంటాడు, నలుగురు తలూపుతారు, టీ తాగి ఇంటికెళ్తారు. మనవాళ్ళెవరైనా క్లబ్‌లో చేరితే ఎక్కువ రోజులు పట్టదు, "నువ్వు ఐటీ కదా, ఎక్సెల్ వచ్చు కదా" అని కమిటీలో వేసేస్తారు, కాబట్టి ఆ ఫైల్ వచ్చి మీ నెత్తిన పడే ఛాన్స్ బాగానే ఉంది. పడితే ఏ వరసలో ఏం చెయ్యాలో రాస్తున్నా.

ఇదంతా యూకే క్లబ్బుల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. జర్మనీలో ఉన్నవాళ్ళకి లెక్కలు పనికొస్తాయి గానీ టాక్స్ సంగతులు వేరు. ఇండియాలో పూణె హడప్సర్ గ్లైడింగ్ సెంటర్ గవర్నమెంట్‌ది, అక్కడ మెంబర్లు జేబులోంచి తీసి గ్లైడర్ కొనే గొడవ లేదు. ఇక్కడ అలా కాదు, మెంబర్లే ఓనర్లు, వించి (గ్లైడర్‌ని తాడుతో లాగి గాల్లోకి లేపే మెషిన్) నడిపేదీ వాళ్ళే, గడ్డి కోసేదీ వాళ్ళే, అప్పు చేస్తే తీర్చేదీ వాళ్ళే.

ఒక్క విషయం ముందే ఒప్పుకుంటే మిగతాదంతా ఈజీ. ఈరోజు ఎగిరిన ప్రతి లాంచ్‌లోనూ గ్లైడర్ కొంత అరుగుతుంది, ఆ అరుగుదల డబ్బులు ఇప్పుడే వసూలు చెయ్యకపోతే మీ క్లబ్‌లో ఫ్లయింగ్ చవక అని కాదు అర్థం, ఎప్పుడో 1980ల్లో చందాలేసుకుని కొనిపెట్టినవాళ్ళ ఆస్తి మీరు కూర్చుని తింటున్నారని అర్థం. ఈ మాట మీటింగ్‌లో ఇంత మొహం మీద చెప్పకండి, కానీ లెక్క మాత్రం ఇదే.

1. ఉన్న గ్లైడర్ల జాతకం రాయండి

కొత్తదాని బ్రోచర్ చూసే ముందు పాతవాటి లాగ్‌బుక్కులు ముందేసుకుని కూర్చోండి. ఒక్కో గ్లైడర్‌కి మొత్తం గంటలు, మొత్తం లాంచ్‌లు, గత ఐదేళ్ళలో ఏ నెలలో ఎన్ని లాంచ్‌లు, ఎన్ని వీకెండ్లు వర్క్‌షాప్‌లో పడుకుంది, రాబోయే పెద్ద ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు, ఇవి ఒక షీట్‌లోకి ఎక్కించండి. గంటలూ లాంచ్‌లూ కచ్చితంగా వేరు వేరుగా రాయాలి, ఎందుకంటే వించి మీద ట్రైనింగ్ సర్క్యూట్ (లేచి ఒక రౌండ్ కొట్టి దిగడం) అంటే ఐదారు నిమిషాలే, గంటలు చూస్తే తక్కువే కనపడతాయి గానీ ఆ గంటలో పది సార్లు నేలకి తగిలి ఉంటుంది. ట్రైనర్ గాల్లో కంటే నేల మీదే ఎక్కువ అరుగుతుంది, టైరు, బ్రేకు, చక్రం బేరింగులు, టో హుక్కు (లాగే తాడు తగిలించేది, హుక్కుకి లాంచ్‌ల లెక్క మీద ఓవర్‌హాల్ ఉంటుంది, ఆ లెక్క ఎవరు రాస్తున్నారో కూడా కనుక్కోండి), ఇంక కనోపీ, అంటే కాక్‌పిట్ మీద ఉండే అద్దం లాంటి మూత. కనోపీ సంగతి దగ్గరగా వెళ్ళి చూడండి, పక్కన జరిపే చిన్న కిటికీ ఉంటుంది కదా, కొత్త స్టూడెంట్లు హ్యాండిల్ వదిలేసి ఆ కిటికీ అంచు పట్టుకుని మొత్తం కనోపీని లేపుతారు, ఆ మూల నుంచే సన్నగా వెంట్రుకంత క్రాక్ మొదలవుతుంది, దాని చివర చిన్న బెజ్జం వేసి ఆపి ఉంటే ఆల్రెడీ ఎవరో ఒకసారి చూశారన్నమాట.

చెక్కా గుడ్డతో ఉన్నదైతే ఇంకో లిస్ట్ ఉంటుంది. కె13 అంటే 1966లో మొదట ఎగిరిన డిజైన్, రుడాల్ఫ్ కైజర్ గీసింది, జర్మనీ ష్లైషర్ కంపెనీది, స్టీల్ ట్యూబు బాడీ మీద గుడ్డ, రెక్కలు చెక్క. గుడ్డ మళ్ళీ ఎప్పుడు వెయ్యాలి, జిగురు కీళ్ళు చివరిసారి ఎవరు చూశారు, చక్రం దగ్గర కింద ట్యూబులో తుప్పుందా, ఇవన్నీ రాయండి. దాంతోపాటు చెక్క గ్లైడర్ చూసి సంతకం పెట్టగలిగిన మీ ఇన్‌స్పెక్టర్ వయసెంతో కూడా పక్కన రాయండి. నవ్వులాటకి చెప్పట్లేదు, ఆయన రిటైరయితే గ్లైడర్ బాగానే ఉన్నా ఎగరలేదు.

ఫైబర్ గ్లైడర్లలో తలనొప్పి జెల్‌కోట్, అంటే ఫైబర్ మీద ఉండే పైపూత. ఎండకీ తేమకీ పగుళ్ళు వస్తాయి, మొత్తం గీకి మళ్ళీ వెయ్యాలంటే వందల గంటల చాకిరీ, బయట చేయిస్తే గ్లైడర్ ఖరీదులో పెద్ద ముక్క దానికే పోతుంది. గంటల మీద కూడా ఇన్‌స్పెక్షన్లు ఉంటాయి, మామూలుగా 3000 గంటల దగ్గర మొదటి పెద్దది, తర్వాతవి మెయింటెనెన్స్ మాన్యువల్లో ఉంటాయి.

ఈ కాగితాల పని బోర్ కొడుతుంది అనుకుంటే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. 2010 జూన్‌లో ఆస్ట్రియాలో ఒక ఎల్-13 బ్లానిక్ రెక్క గాల్లోనే విరిగిపోయింది, మెటల్ ఫెటీగ్ అని తేలాక ప్రపంచమంతా ఆ మోడల్ మొత్తాన్ని నేల మీద కూర్చోబెట్టారు. ఎన్నో క్లబ్బులకి ట్రైనింగ్ ఫ్లీట్ అంటే అదే, శుక్రవారం దాకా గ్లైడర్లున్న క్లబ్‌కి శనివారం ఏమీ లేవు. రెండోది యూకే ఎయిర్ క్యాడెట్లది, 2014 ఏప్రిల్‌లో వాళ్ళ గ్లైడర్లన్నీ ఆపేశారు, అక్కడ విరిగిందేమీ లేదు, గ్లైడర్ల ఎయిర్‌వర్దీనెస్ మీద (ఎగరడానికి పనికొస్తాయా అన్నదాని మీద), వాటి రికార్డుల మీద నమ్మకం లేకపోవడం వల్ల. విజిలెంట్ మోటర్ గ్లైడర్లయితే చివరికి 2018లో సర్వీస్ నుంచే పోయాయి. అంటే రీప్లేస్‌మెంట్ డేట్ మీరే పెట్టుకోకపోతే ఎవరో ఒకరు పెడతారు, అప్పుడు బ్యాంకులో డబ్బులుంటే క్లబ్ ఉంటుంది, లేకపోతే లేదు.

2. అసలు ఎన్ని కావాలో తేల్చండి

మూడు పాతవి ఉన్నాయి కాబట్టి మూడు కొత్తవి కొనాలి అనుకునేవాళ్ళే ఎక్కువ. ఐదేళ్ళ లాగ్‌షీట్లు తీసి బాగా రద్దీగా ఉన్న వీకెండ్లు ఒక పది చూడండి, మూడూ ఒకేసారి గాల్లోనో లాంచ్ క్యూలోనో ఉన్న గంటలు ఎన్ని? చాలా క్లబ్బుల్లో ఆపేది గ్లైడర్ కాదు, ఇన్‌స్ట్రక్టరు. శనివారం ఇద్దరే ఇన్‌స్ట్రక్టర్లు వస్తే మూడో ట్రైనర్ హాంగర్‌లో షోకి. రెండు మంచివి, ఏడాదంతా నిలబడేవి ఉంటే మూడు ముసలివాటి పని చేసేస్తాయి. అలా అని ఒక్కదానితో సరిపెట్టకండి, యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ కోసం లోపలికి వెళ్ళినా, ఎవరైనా గట్టిగా ల్యాండ్ చేసి ఇన్‌స్పెక్షన్‌కి పంపినా క్లబ్ మూతపడుతుంది. రెండూ ఒకే మోడల్ అయితే ఇంకా సుఖం, స్పేర్ చక్రం ఒకటే, ఇన్‌స్ట్రక్టర్ చెక్ ఒకటే, స్టూడెంట్ పొద్దున ఒకదాన్లో సాయంత్రం ఇంకోదాన్లో కూర్చున్నా స్విచ్చులు వెతుక్కోడు.

3. ఏ మోడల్?

ఇక్కడ పార్టీలు మొదలవుతాయి. క్రాస్‌కంట్రీ (దూరాలు ఎగిరే) బ్యాచ్ "ఎలాగూ అంత పెడుతున్నాం, ఇంకొంచెం వేసి మంచి పెర్ఫార్మెన్స్ ఉన్న టూ సీటర్ కొందాం" అంటారు, అది వినడానికి బావుంటుంది, కానీ లోపలికి ముడుచుకునే చక్రం, పొడుగు రెక్కలు ఉన్న గ్లైడర్‌ని రోజుకి ఇరవై సార్లు మొదటి నెల స్టూడెంట్ల చేతికి ఇస్తారా? ట్రైనర్ డబ్బులు ట్రైనర్‌కే, ఇది గట్టిగా పట్టుకోండి.

అందరూ బెంచ్‌మార్క్‌లా చూసేది కె21. కైజర్ డిజైనే, 1979లో మొదట ఎగిరింది, పూర్తి ఫైబర్, 17 మీటర్ల రెక్కలు, చక్రం లోపలికి పోదు, గ్లైడ్ రేషియో (ఒక మీటరు దిగేలోపు ఎన్ని మీటర్లు ముందుకి పోతుందో) 34 దాకా, కె13 కి 27-28 అనుకోండి. మొండిది, దెబ్బలు తట్టుకుంటుంది, సెకండ్‌హ్యాండ్‌లో ధర కూడా పడదు. ఒక్కటే లోటు, అంత మంచి బుద్ధి వల్ల స్పిన్‌లోకి (గింగిరాలు తిరుగుతూ కిందికి పడటంలోకి) సరిగ్గా వెళ్ళదు, స్పిన్ ట్రైనింగ్ కోసం తోకకి బరువులు బిగించాలి. అందుకే కొన్ని క్లబ్బులు స్పిన్ కోసం పుహాచ్ అనే పోలిష్ గ్లైడర్ ఒకటి ఉంచుకుంటాయి, అది అడగ్గానే స్పిన్ అవుతుంది. కొత్తవాటిలో డీజీ-1001 క్లబ్, పోలండ్ పెర్కోజ్ కూడా చూడండి, పాతవాటిలో గ్రోబ్ ట్విన్ చవగ్గా దొరుకుతుంది.

బ్రోచర్లో కనపడని మూడు విషయాలు టేపు పట్టుకుని చూసుకోండి. హాంగర్: కె13 పదహారు మీటర్లు, కె21 పదిహేడు, డీజీ-1001 క్లబ్ పద్దెనిమిది, ఇప్పుడున్న సర్దుడులో ఆ మీటరు పడుతుందో లేదో నేల మీద సుద్దతో గీసి చూడండి, పట్టకపోతే హాంగర్ ఖర్చు కూడా ఈ ప్రాజెక్ట్‌లోకే వస్తుంది. బరువు: కె21లో సీటుకి పారాచూట్‌తో కలిపి 110 కిలోలు లిమిట్, మీ ఇన్‌స్ట్రక్టర్లనీ వచ్చే స్టూడెంట్లనీ మర్యాదగా కాటా ఎక్కించండి. మూడోది స్టూడెంట్ సోలో అయ్యాక ఎక్కే సింగిల్ సీటర్. ఫైబర్ ట్రైనర్ నుంచి జూనియర్, ఆస్టిర్ లాంటి ఫైబర్ సింగిల్ సీటర్లకి మారడం ఈజీ, ట్రైనర్ మార్చి కింద మాత్రం పాత చెక్క కె8 ఉంచితే ఆ మెట్టు దగ్గర మళ్ళీ ఇన్‌స్ట్రక్టర్లకి పని పెరుగుతుంది.

4. సెకండ్‌హ్యాండ్ చూడ్డానికి వెళ్తే

ఎక్కువ మంది చివరికి వచ్చేది ఇక్కడికే, జర్మన్ క్లబ్బులు అమ్మే కె21 ల దగ్గరికి. ఫోటోలు చూసి డిపాజిట్ కట్టకండి, ఇన్‌స్పెక్టర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళండి, ఫ్లైట్ టికెట్ క్లబ్ పెట్టుకున్నా నష్టం లేదు. గ్లైడర్‌ని బయటికి తీయించి రెక్క వెంట కన్ను పెట్టి చూడండి, వెలుతురు ఏటవాలుగా పడితే పాత రిపేరు ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి. ఎయిర్‌బ్రేక్ (కిందికి దిగడానికి రెక్క మీద లేపే పలక) పెట్టె మూలల్లో పగుళ్ళు చూడండి, అవి జెల్‌కోట్ వరకేనా లోపలి ఫైబర్ దాకా వెళ్ళాయా అన్నది ఇన్‌స్పెక్టర్ తేలుస్తాడు. నాణెంతో రెక్క మీద తడుతూ వెళ్తే గట్టిగా ఉన్నచోట టక్ టక్ అంటుంది, పొర విడిపోయిన చోట శబ్దం మొద్దుగా మారుతుంది, చెవికి వెంటనే తెలుస్తుంది. ఒకళ్ళు రెక్క కొస పట్టుకుని ముందుకీ వెనక్కీ మెల్లగా కదుపుతుంటే ఇంకొకళ్ళు కాక్‌పిట్ వెనక చెవి పెట్టి వినండి, పిన్నుల దగ్గర టక్కుమంటే పిన్నో బుష్షో అరిగినట్టు. తర్వాత లాగ్‌బుక్, మధ్యలో ఏడాదో రెండేళ్ళో ఖాళీ ఉంటే ఎందుకో అడగండి, జవాబు కాగితం మీద కావాలి, "అబ్బే అప్పుడు ఎవరూ ఎగరలేదు" అనే మాట కాదు. బరువు తూచిన రిపోర్ట్ ఎప్పటిదో కూడా చూడండి, రిపేర్లు ఎక్కువైన గ్లైడర్ బరువెక్కుతుంది, మీ సీటు లిమిట్ అక్కడే తగ్గిపోతుంది.

ఇంకోటి, యాడ్‌లో ఉన్న యూరోల ధర అసలు ధర కాదు. బ్రెగ్జిట్ తర్వాత జర్మనీ నుంచి తెస్తే పాతదైనా సరే 20 శాతం ఇంపోర్ట్ వ్యాట్ పడుతుంది, పైగా యూకే రిజిస్ట్రేషన్, ఎయిర్‌వర్దీనెస్ కాగితాల ఖర్చు, ట్రైలర్ లేకపోతే దానికి వేరే. అదే యూకేలోనే ఇంకో క్లబ్ అమ్ముతుంటే ఈ గొడవలేవీ లేవు కాబట్టి కొంచెం ఎక్కువ చెప్పినా చివరికి అదే చవక పడొచ్చు.

5. లాంచ్‌కి ఎంత పక్కన పెట్టాలి

ఇది ఊహ లెక్క, మీ అంకెలు మీరు పెట్టుకోండి. రెండు ట్రైనర్లు, వ్యాట్‌తో కలిపి ఒక్కోటి లక్ష పౌండ్లు అనుకుందాం, మొత్తం 2,00,000. ఇరవై ఏళ్ళు వాడి అమ్మితే రెండిటికీ కలిపి ఇప్పటి ధరల్లో 60,000 వస్తుందనుకుందాం. అంటే అరిగేది 1,40,000, ఏడాదికి 7,000. ట్రైనర్ల మీద ఏడాదికి 2,000 లాంచ్‌లు ఉంటే లాంచ్‌కి 3.50 పౌండ్లు. అంతే, భయపడేంత లేదు, బ్రీఫింగ్ రూమ్‌లో ఒక కాఫీ ఖరీదు.

కానీ ధరలు ఆగవు. ఏడాదికి 3 శాతం పెరిగితే ఇరవై ఏళ్ళకి ఈ 2,00,000 కాస్తా 3,61,000 అవుతుంది. దీనికి మందు ఏంటంటే ఆ 3.50 ని కూడా ఏటా అదే శాతం పెంచుకుంటూ పోవాలి, పోగైన డబ్బు కరెంట్ అకౌంట్లో నిద్రపోకుండా కనీసం అంత వడ్డీ తెచ్చే డిపాజిట్‌లో ఉండాలి, అప్పుడు లెక్క దానంతటదే కలుస్తుంది. ఏటా పెంచడం కమిటీ దయ మీద వదలకుండా రూల్‌గా రాయించుకోండి, లేకపోతే ప్రతి మార్చిలోనూ "ఈ ఏడాదికి వద్దులే" అనేవాళ్ళు ఉంటారు, ఐదేళ్ళు అలా అన్నాక ఇంక అది పెరగదు.

ఆ ఫండ్ వేరే అకౌంట్‌లో పెట్టండి, పేరు కూడా గ్లైడర్ ఫండ్ అనే పెట్టండి, దాన్నుంచి డబ్బు తియ్యాలంటే మెంబర్ల ఓటు కావాలని పెట్టండి. వించి ఇంజిన్ పోయినప్పుడు అందరి కళ్ళూ దాని మీదే పడతాయి.

జాగ్రత్తపడాల్సిన ఇంకో సంగతి కూడా చెప్తా, ట్రయల్ లెసన్ (కొత్తవాళ్ళు ఒకసారి ఎగిరి చూసే పాఠం) వోచర్లు. క్రిస్మస్‌కి జనం గిఫ్ట్‌గా కొంటారు, డిసెంబర్‌లో బ్యాంకు బ్యాలెన్స్ చూస్తే కళ్ళు చెదురుతాయి, ఆ డబ్బు ఇంకా మీది కాదు, వాళ్ళొచ్చి ఎగిరేదాకా అది అప్పే. వర్షాలకి సగం మంది వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు. ఎగరని వోచర్ల మొత్తం తీసేసి మిగిలిందే మీ చేతిలో ఉన్న డబ్బు అని కమిటీకి చూపించండి.

6. ఇప్పుడు మొదటి విడత డబ్బు ఎక్కడినుంచి

ఇరవై ఏళ్ళ నుంచి పక్కన పెట్టి ఉంటే ఈ సెక్షన్ అవసరమే లేదు. పెట్టి ఉండరు. కాబట్టి నాలుగైదు చోట్ల నుంచి కలపాలి.

పాతవి అమ్మగా వచ్చేది మొదట వేసుకోండి గానీ ఆశపడి ఎక్కువ వెయ్యకండి, కె13 ధర పెద్దగా ఉండదు, కె21 అయితే మంచి రేటే.

తర్వాత మెంబర్ల విరాళాలు. మీ క్లబ్ హెచ్ఎంఆర్‌సీ (యూకే టాక్స్ ఆఫీసు) దగ్గర సీఏఎస్‌సీగా (కమ్యూనిటీ అమెచ్యూర్ స్పోర్ట్స్ క్లబ్) గానీ చారిటీగా గానీ రిజిస్టరయి ఉంటే గిఫ్ట్ ఎయిడ్ వస్తుంది, మెంబర్ 1,000 ఇస్తే గవర్నమెంట్ 250 కలుపుతుంది, క్లబ్‌కి 1,250. ఇచ్చినాయన 40 శాతం టాక్స్ బ్రాకెట్‌లో ఉంటే ఆయన రిటర్న్‌లో ఇంకో 250 వెనక్కి తెచ్చుకోవచ్చు, అంటే ఆయన జేబులోంచి పోయింది 750. కాంట్రాక్టింగ్ వదిలి పర్మనెంట్‌లోకి వచ్చి టాక్స్ చూసి ఏడ్చే మనవాళ్ళకి ఈ లెక్క వెంటనే ఎక్కుతుంది, ఇంగ్లీషు పెద్దమనుషులకి మాత్రం విడమర్చి చెప్పాలి. గుర్తుంచుకోవాల్సింది, సీఏఎస్‌సీలో మెంబర్‌షిప్ ఫీజుకి గిఫ్ట్ ఎయిడ్ రాదు, విడిగా ఇచ్చిన విరాళానికే. విరాళమిచ్చినందుకు ఫ్రీ లాంచ్‌లు ఇస్తామనీ ఆశపెట్టకండి, అప్పుడది విరాళం కాకుండా పోయే ప్రమాదం ఉంది. సీఏఎస్‌సీకి ఇంకో పరిమితి కూడా ఉంది, బయటివాళ్ళ మీద చేసే ట్రేడింగ్, అద్దెలు కలిపి ఏడాదికి లక్ష పౌండ్లు దాటకూడదు, ట్రయల్ లెసన్లు బాగా అమ్ముడయ్యే క్లబ్బులు ఇది అకౌంటెంట్‌తో చూసుకోవాలి.

మూడోది మెంబర్ లోన్లు, నా లెక్కలో అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. మన ఊళ్ళో చీటీ నమ్మకం మీద నడిచినట్టే ఇదీ నడుస్తుంది, తేడా ఏంటంటే పాట ఉండదు, కాగితం ఉంటుంది. 500 పౌండ్ల చొప్పున యూనిట్లు చెయ్యండి, వడ్డీ లేకుండానో నామమాత్రం వడ్డీకో తీసుకోండి, ఏడేళ్ళలోనో పదేళ్ళలోనో తీర్చేలా పెట్టి ప్రతి ఏడాదీ కొన్ని యూనిట్లు డ్రా తీసి వెనక్కి ఇచ్చెయ్యండి. మెంబర్ చనిపోతే, దేశం వదిలి వెళ్ళిపోతే ఏం చేస్తారో అగ్రిమెంట్‌లో ఉండాలి, వీసా మీద ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. తీర్చే సోర్స్ ఆ లాంచ్ 3.50 యే కాబట్టి మీ లాంచ్‌లు 20 శాతం తగ్గినా తీర్చగలరా అని ఒకసారి చూడండి, ఒక్క తడి ఏప్రిల్, తడి మే చాలు అంత తగ్గడానికి.

ఇక్కడో చిన్న కిటుకు. కొన్నాళ్ళకి లోనిచ్చినాయన "ఆ డబ్బు మాఫీ చేస్తున్నా, ఉంచుకోండి" అంటాడు, మంచి మనసు, కానీ ఉత్తి నోటి మాట మీద మాఫీ చేస్తే గిఫ్ట్ ఎయిడ్‌కి చిక్కు రావొచ్చు. తేలిక దారి ఏంటంటే, ముందు ఆయనకి బ్యాంకులో నిజంగా తీర్చెయ్యండి, ఆయన మళ్ళీ తనంతట తాను విరాళంగా వెయ్యాలి. రెండు ట్రాన్స్‌ఫర్లు, దానికి 25 శాతం ఎక్కువ.

నాలుగోది గ్రాంట్లు. అప్లికేషన్‌లో "మా గ్లైడర్లు పాతవి" అని రాస్తే చదివే ఆఫీసర్‌కి అర్థమయ్యేది "కొంతమంది తమ హాబీకి బొమ్మ కొనమంటున్నారు" అని. స్పోర్ట్ ఇంగ్లండ్ మూవ్‌మెంట్ ఫండ్‌లో 15,000 పౌండ్ల దాకా అడగొచ్చు, వాళ్ళు చూసేది ఇప్పటిదాకా ఆటకి దూరంగా ఉన్నవాళ్ళు ఎంతమంది వస్తారు అని, అమ్మాయిలు, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలు, వికలాంగులు. కాళ్ళు పనిచెయ్యనివాళ్ళు నడిపేలా కె21 కి చేతి రడ్డర్ పెట్టుకోవచ్చు, స్కాట్లండ్ పోర్ట్‌మోక్‌లో వాకింగ్ ఆన్ ఎయిర్ అనే చారిటీ అలాంటి కె21 నడుపుతోంది. మీ క్లబ్ నిజంగా ఆ పని చేస్తానంటేనే ఆ దారిలో వెళ్ళండి, టాయిలెట్‌కి ర్యాంప్ లేని క్లబ్ చేతి రడ్డర్ కోసం గ్రాంట్ అడిగితే బావుండదు. కౌన్సిల్, లోకల్ ట్రస్టులు కూడా అడగండి, చాలా వాటిలో కోట్ అడుగుతారు, ముందే ఖర్చు పెట్టేసినదానికి ఇవ్వరు, కాబట్టి ఆర్డర్ మీద సంతకం పెట్టే ముందే అప్లికేషన్ వెళ్ళాలి.

మిగిలింది అప్పు. బీజీఏ (బ్రిటిష్ గ్లైడింగ్ అసోసియేషన్) దగ్గర ఫిలిప్ విల్స్ పేరు మీద ఒక ఫండ్ ఉంది, 1952లో గ్లైడింగ్ వరల్డ్ ఛాంపియన్ అయిన మనిషి ఆయన, దాన్నుంచి క్లబ్బులకి పెద్ద ఖర్చులకి లోన్లు ఇస్తారు, బ్యాంకు మేనేజర్‌కి గ్లైడర్ అంటే ఏంటో మొదట్నుంచి చెప్పే శ్రమ తప్పుతుంది. ఎవరి దగ్గర అడిగినా మూడేళ్ళ అకౌంట్లు, ఐదేళ్ళ క్యాష్ ఫ్లో, ఇన్సూరెన్స్ కోట్ రెడీగా పెట్టుకోండి. ఇన్సూరెన్స్ మర్చిపోతారు చాలామంది, 15,000 విలువ ఉన్న కె13 మీద కట్టే ప్రీమియం వేరు, లక్ష విలువ ఉన్నదాని మీద వేరు, అది ప్రతి ఏటా ఉంటుంది.

7. ఆర్డరు, యూరోలు, టైమింగ్

కొత్తది ఆర్డర్ ఇస్తే క్యూ ఉంటుంది, నెలల్లో కాదు సంవత్సరాల్లో అనుకోండి, అడ్వాన్స్ ముందు, మిగతాది డెలివరీకి. కాంట్రాక్ట్‌లో ధర ఫిక్సా లేక డెలివరీ నాటి రేటా అన్న ఒక్క లైన్ పదిసార్లు చదవండి. బిల్లు యూరోల్లో, మీ డబ్బు పౌండ్లలో, మధ్యలో రేటు పదిశాతం కదిలిందంటే ఒక ఏడాది ఫండ్ మొత్తం ఎగిరిపోయినట్టే. ఇంటికి డబ్బు పంపేటప్పుడు రూపాయి రేటు కోసం రోజూ ఫోన్ చూసే అలవాటు మనకి ఎలాగూ ఉంది, ఇక్కడ మాత్రం జూదం ఆడకుండా ఫార్వర్డ్ కాంట్రాక్ట్ (రేటు ఇప్పుడే ఖాయం చేసుకుని తర్వాత కొనే ఒప్పందం) తీసుకోవడమో, అడ్వాన్స్ కట్టినప్పటి నుంచి నెలనెలా కొన్ని యూరోలు కొనిపెట్టుకోవడమో చెయ్యండి. వ్యాట్ సంగతి కూడా ముందే తేల్చుకోండి, నాన్-ప్రాఫిట్ స్పోర్ట్స్ క్లబ్ మెంబర్‌షిప్‌లు వ్యాట్ ఎగ్జెంప్ట్ కాబట్టి కట్టిన 20 శాతం సాధారణంగా వెనక్కి రాదు, దాన్ని ధరలో భాగంగానే చూడాలి.

డెలివరీ ఫిబ్రవరి-మార్చిలో పడేలా అడగండి. ఇన్‌స్ట్రక్టర్లు ఏప్రిల్ లోపు చెక్ అయిపోవాలి. జులైలో వస్తే సీజన్ నడిబొడ్డున ఇన్‌స్ట్రక్టర్లందరూ కొత్తదానికి మారే చెక్‌లలో ఉంటారు, స్టూడెంట్లు బెంచీ మీద ఉంటారు.

8. మీటింగ్‌లో ఎలా పెట్టాలి

"కొందామా వద్దా" అని అడిగితే వద్దు అనడం ఈజీ. అందుకని ఒకే పేజీలో మూడు కాలమ్స్ పెట్టండి: ఏమీ చెయ్యకపోతే, సెకండ్‌హ్యాండ్ రెండు, ఒకటి కొత్తది ఒకటి పాతది. ఒక్కోదాని కింద పదేళ్ళ ఖర్చు, లాంచ్ రేటు ఎంతవుతుంది, ఏడాదికి ఎన్ని వీకెండ్లు గ్లైడర్ లేకుండా పోతాయి. ఏమీ చెయ్యకపోతే అనే కాలమ్ నిజాయితీగా నింపితే చాలు, దాని కింద గుడ్డ, జెల్‌కోట్, పోయిన వీకెండ్లు కలిపితే అది ఫ్రీ కాదని కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. పేజీని రెండు వారాల ముందే పంపండి, ఆ కె13 పెద్దాయనతో మీటింగ్‌కి ముందే క్లబ్‌హౌస్‌లో కూర్చుని టీ తాగుతూ మాట్లాడండి, ఆయన చెప్పేదాంట్లో విషయం ఉంటుంది, పైగా ఆయన ఊ అంటే ఇంకో పది ఓట్లు దాని వెంటే వస్తాయి. క్లబ్ రూల్స్‌లో ఎంత మొత్తం దాటితే ఈజీఎం (మెంబర్ల ప్రత్యేక మీటింగ్) కావాలో, కోరం ఎంతో ముందే చూసుకోండి.

9. వచ్చాక

పాతవాటిలో ఒకదాన్ని మొదటి సీజన్ అయ్యేదాకా అమ్మకండి. కొత్తదానికి వీక్ లింక్ (మరీ గట్టిగా లాగితే తెగిపోయేలా తాడులో పెట్టే ముక్క) వేరే రంగు రావొచ్చు, వించి డ్రైవర్లు స్పీడ్ మార్చుకోవాలి, సర్క్యూట్ ఎత్తులు మారతాయి ఎందుకంటే ఇది కె13 లాగా దిగదు, ఎయిర్‌బ్రేక్ తియ్యడం ఆలస్యమైతే ఫీల్డ్ చివర హెడ్జ్ దగ్గర తేలతారు. ఇవన్నీ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఒక పేజీ రాసి లాంచ్ పాయింట్ బస్సులో అంటించాలి. కనోపీ ఎలా లేపాలో కూడా ఆ పేజీలోనే మొదటి లైన్‌గా రాయించండి.

పాతది అమ్మేటప్పుడు జనవరి-ఫిబ్రవరిలో యాడ్ పెట్టండి, వసంతానికి ముందే కొనేవాళ్ళు వెతుకుతుంటారు, కొత్త ఏఆర్‌సీ (ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్) చేయించి అమ్మితే ధర వస్తుంది. లాగ్‌బుక్కులన్నీ స్కాన్ చేసి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి, ఇన్సూరెన్స్ మాత్రం డబ్బు అకౌంట్‌లో పడి, గ్లైడర్ ట్రైలర్ గేటు దాటాకే ఆపండి.